రూలు ప్రకారం మూడు లారీలు

ఆ గురువారానికి కమాల్ బాషా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పొద్దున్నే నమాజు చేసుకుని, రెండు రొట్టెలు తిని, పది గంటలకల్లా తన మూడు లారీలనూ ప్రొద్దుటూరు ముసాఫరు బంగ్లా ముందు వరసగా నిలబెట్టాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వాటిని చూసి ఎఫ్‌సీ ఇస్తాడు, అంటే ఈ బండ్లు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తాయని సంతకం పెడతాడు. మధ్యాహ్నానికి ఇల్లు చేరి కడుపు నిండా తిని పడుకోవాలి. వంకంతా ఆ పథకం వేసుకున్న మనిషిలో ఉంది. కమాల్ బాషా గొడుగు పట్టుకెళ్ళిన రోజు వాన రాదు, మరిచిపోయిన రోజు మానదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది దాటిన రోజులవి. అంతలోనే ఎలక్షన్లు ముంచుకొచ్చి ఊళ్ళో గోడలన్నీ సున్నపు రాతలతో నిండిపోయాయి. కమాల్ బాషాకు ఆ గోల పట్టలేదు. అతని మనసంతా వేరుశనగ మీద ఉంది. పులివెందుల పల్లెల్లో కాయ కళ్ళాల్లో రాసులు పోసి ఉంది. దాన్ని ప్రొద్దుటూరుకు తోలుకొచ్చే పని ఇస్తానని నూనెమిల్లు చెన్నకేశవ శెట్టి మాటిచ్చాడు. అయితే ఒక షరతు పెట్టాడు. కిందటేడు ఎఫ్‌సీ లేని లారీకి సరుకెత్తితే దారిలో ఆపేశారు. లారీ విడిపించుకునేలోపు వానొచ్చి కాయ మొలకెత్తింది. అందుకని శుక్రవారం తెల్లవారేసరికి ఎఫ్‌సీ ఉన్న లారీలతో మిల్లు ముందు నిలబడితేనే పని, లేకుంటే లేదు.

ఆ పని దొరక్కపోతే కమాల్ బాషా ఏమవుతాడో ఊరందరికీ తెలుసు. లారీల జోలికి రాకముందు అతను బావ నబీ రసూల్ గుడ్డలంగట్లో గజంబద్ద పట్టుకుని కొలిచేవాడు. బావ చెడ్డవాడు కాడు గానీ మాట్లాడే తీరు మాత్రం చెడ్డది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న లారీలు కొని కమాల్ బాషా అంగడి దిగిపోయిన రోజున, కొనుగోలుదార్లందరి ముందూ నబీ రసూల్ నవ్వుతూ, "పోనీలేప్పా. నీ గజంబద్ద ఎవురికీ ఇయ్యనులే, ఆడనే పెట్టింటా" అన్నాడు. ఆ మాట ఈనాటికీ కమాల్ బాషాను నిద్రలో లేపి కూర్చోబెడుతుంది. మళ్ళీ ఆ మెట్లెక్కడమా, లారీలు నిలబెట్టుకోవడమా అన్నది ఈ గురువారం తేలిపోతుంది.

అందుకే అతను ఈసారి ఏ లోపమూ ఉంచలేదు. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు సోమయాజులు గోదావరి జిల్లా మనిషి, నిప్పులాంటివాడని పేరు. లారీకొక మందుల పెట్టె, నిప్పంటుకుంటే చల్లడానికి ఒక ఇసుక బకెట్టు, ఒక జాకీ, గట్టిగా మోగే రబ్బరు హారను లేనిదే సంతకం పెట్టడట. కమాల్ బాషా అన్నీ మూడేసి తెచ్చాడు. బకెట్లకు ఎర్ర రంగు వేయించాడు. పెన్నలోంచి ఇసుక తెప్పించి జల్లెడ పట్టించాడు. బుధవారం పొద్దు గూకకముందే అన్నీ లారీల్లో సర్ది, ఇంటి ముందు వీధిలో వరసగా నిలబెట్టి తృప్తిగా చూసుకున్నాడు.

అతను మరిచిపోయింది ఒక్క అమ్మనే.

హజరాబీ ఇంటికొచ్చి అడిగిన మనిషికి పుట్టి బుద్ధెరిగాక "లేదు" అని చెప్పింది లేదు. లేదు లేదంటే ఉన్నది కూడా పోతుందని ఆమె నమ్మకం. జల్లెడ, రోకలి, నిచ్చెన, పెళ్ళి గిన్నెలు, ఆఖరికి కమాల్ బాషా పెళ్ళినాటి కోటు కూడా ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి వచ్చినవే. లారీలు నిలబడేది తన గడప ముందు కాబట్టి వాటిలో ఉన్నవి కూడా తన ఇంటి సామానేనని ఆమె లెక్క.

గురువారం పొద్దున కమాల్ బాషా రొట్టె తింటూ ఉండగా డ్రైవరు పాలయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాలయ్యది జమ్మలమడుగు. ఆదివారం చర్చికి, తక్కిన రోజులు లారీకి అంకితమైన మనిషి. ఎంత చెడ్డ కబురైనా వాతావరణం గురించి చెప్పినట్టు చెబుతాడు.

"బాషన్నా, లారీలుండాయి. లారీల్లో ఏమీ లేదు" అన్నాడు.

కమాల్ బాషా చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. మెల్లగా తల తిప్పి అమ్మను చూశాడు. హజరాబీ పొయ్యి ముందు నుంచి కదలకుండా వివరం చెప్పింది. పక్కింటి గులాబ్‌బీ మనవళ్ళు ముగ్గురికీ తెల్లారుజామునే ఒడుగులు, అంటే సున్తీలు. మంత్రసాని మాదిరిగా మంగలికి కూడా దూదీ గుడ్డా కావాలి గదా, అందుకని మందుల పెట్టెలు వాళ్ళు తీసుకెళ్ళారు. విందు వడ్డించడానికి బకెట్లు చాలవంటే అవీ ఇచ్చింది. అదే వీధిలోని సైదున్నీసా మిద్దె దూలం పగులు పట్టిందని, వడ్రంగం చేసే వడ్లాయన జాకీలు అడిగాడు. హారన్లు ఎలక్షన్ వాళ్ళు తమ జట్కాలకు కట్టుకుపోయారు.

"మూడు హారన్లూ ఒగరికే ఇచ్చినావా?" అన్నాడు కమాల్ బాషా, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"ఒగరికెట్ల ఇస్తానురా? మూడు పార్టీలోళ్ళూ వచ్చిరి. ఒగరికిచ్చి ఒగరికి లేదంటే బాగుంటాదా?"

అమ్మను తిట్టి లాభం లేదు. తిట్టినంతసేపు ఆమె నీళ్ళు తెచ్చి పక్కన పెడుతుంది. కమాల్ బాషా చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని పరుగెత్తాడు.

హారన్లు తొందరగానే దొరికాయి. కానీ ఆ వీధుల్లో ఒక ఆచారం ఉంది. ఎవరిదైనా వస్తువు తెచ్చుకుంటే దాన్ని వట్టి చేతులతో తిరిగివ్వరు. చెంబు తీసుకుంటే చెంబులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. వట్టిది ఇస్తే ఇచ్చిన ఇంటికి అరిష్టం. మూడు పార్టీలవాళ్ళూ ఈ ఊరివాళ్ళే కాబట్టి తమ దగ్గరున్నదే పెట్టి హారన్లు తిరిగిచ్చారు. అంటే ఒక్కొక్క లారీ ముందు ఒక్కొక్క పార్టీ జెండా తామే స్వయంగా, ముడి మీద ముడి వేసి, ఇనుప తీగతో కట్టి వెళ్ళారు. పాలయ్య ఒకటి విప్పబోతే అటుపోతున్న కార్యకర్తలు నలుగురు ఆగి ఎందుకు విప్పుతున్నావని అడిగారు. పాలయ్య ఎందుకూ కాదని చెప్పి చేయి తీసేశాడు.

జాకీల సంగతి మరీ ఘోరం. సైదున్నీసాది పాతకాలపు మట్టి మిద్దె. పగిలిన దూలం కింద మూడు జాకీలూ బిగించి ఉన్నాయి. కొత్త దూలం కోసం వడ్లాయన దువ్వూరు వెళ్ళాడు, రేపటికి గానీ రాడు. జాకీల మధ్యనే కూర్చుని సైదున్నీసా నిమ్మళంగా రొట్టెలు తడుతూ ఉంది. కమాల్ బాషా ఒక జాకీని ఊరికే ముట్టుకున్నాడు. పైనుంచి దోసెడు మట్టి రాలి రొట్టెల పిండిలో పడింది. సైదున్నీసా తలెత్తి, "నిదానంగా తీస్కో అన్నా, మాకేం తొందర లేదు" అంది. కమాల్ బాషా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బయటికొచ్చేశాడు.

వీధిలోకి వచ్చేసరికి ఒక్క మంచి కబురు కనబడింది. గులాబ్‌బీ పెట్టెలూ బకెట్లూ తోమి తుడిచి, తన చేత్తోనే లారీల్లో పెట్టి వెళ్ళిపోయిందట. పెట్టెలకు మూతలు బిగించి ఉన్నాయి. బకెట్ల మీద శుభ్రమైన తడిగుడ్డ కప్పి ఉంది. ఇసుక దుమ్ము లేవకుండా కప్పిందేమో, ఎంత బుద్ధిమంతురాలు అనుకున్నాడు కమాల్ బాషా. జాకీల సంగతి ఇన్‌స్పెక్టరు కాళ్ళు పట్టుకునైనా చూసుకోవచ్చు. బయల్దేరదీయమన్నాడు. హారన్లు తిరిగిచ్చినవాళ్ళలో కొందరు, తమ జెండా ఊరేగింపు పోతోందని భ్రమపడి లారీల వెనకాలే నడిచారు.

బంగ్లా ముందు సోమయాజులు ఒంటరిగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మంగళవారం జమ్మలమడుగులో, బుధవారం పులివెందులలో ఇలాగే కూర్చున్నాడు. రెండుచోట్లా ఒక్క లారీ రాలేదు. తన నిక్కచ్చితనానికి భయపడి యజమానులంతా కూడబలుక్కున్నారని ఆయన అనుమానం. ఇంటికి రాసిన ఉత్తరంలో ఉద్యోగం మానేస్తానని కూడా రాశాడు. అందుకని మూడు లారీలు దుమ్ము లేపుకుంటూ రావడం చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. జెండాలు కనబడగానే మళ్ళీ కూర్చున్నాడు.

అయినా పని మొదలైంది. బ్రేకుల పరీక్షలో పాలయ్య సున్నపు గీతకు జానెడు ఇవతల లారీ ఆపాడు. మూడు లారీలకూ మూడుసార్లూ అంతే. ఇన్‌స్పెక్టరు మొహం విచ్చుకుంది. తర్వాత హారను నొక్కమన్నాడు. నిన్న రాత్రి నుంచి ఆ హారను మోగితే నినాదం ఇవ్వడం అలవాటైన జనం వెనక ఉన్నారు. మొదటి లారీ హారనుకు ఒక పార్టీకి జై కొట్టారు. రెండో దానికి రెండో పార్టీవాళ్ళు ఊరుకోలేదు. మూడోది నొక్కొద్దని సోమయాజులే అన్నాడు.

"మందుల పెట్టె తెరువు" అన్నాడు.

కమాల్ బాషా ధైర్యంగా మూత తీశాడు. పెట్టె నిండా మలీదా ఉంది. రొట్టెలు నలిపి బెల్లమూ నెయ్యీ కలిపి చేసిన ముద్ద, ఏలకుల వాసన గుప్పుమంది. రెండో పెట్టెలోనూ మలీదాయే. మూడోదాంట్లో పైన ఖర్జూరాలు కూడా పెట్టి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వెళ్ళి బకెట్టు మీది గుడ్డ ఎత్తాడు. పలావు ఇంకా పొగలు కక్కుతూ ఉంది.

సోమయాజులు గుడ్డను మళ్ళీ బకెట్టు మీద కప్పాడు. "లంచం ముట్టనన్నందుకే గదయ్యా నన్ను ఇంత దూరం తరిమారు" అన్నాడు. "ఇక్కడ దాన్ని ఇసుక బకెట్లో పెట్టి తెస్తారన్నమాట."

లోపల ఏముందో తనకు తెలియదని కమాల్ బాషా చెప్పాడు. నిజమే చెప్పాడు. కానీ లోకంలో లంచం ఇస్తూ పట్టుబడిన ప్రతివాడూ చెప్పేది అదే. జాకీలేవని అడిగితే సైదున్నీసా మిద్దె కింద ఉన్నాయన్నాడు. పాలయ్య కల్పించుకుని, అవి తీస్తే మిద్దె కూలుతుందని చెప్పాడు. ఇన్‌స్పెక్టరు కలం మూత బిగించాడు. పర్మిట్లే రద్దు చేయమని పైకి రాస్తానని చెప్పి బంగ్లా వైపు తిరిగాడు.

కమాల్ బాషా లారీ మెట్టు మీద కూలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి, బజారు నడిమధ్యన ఏడిస్తే చూడ్డానికి బాగుండదని తెలుసు. తెలిసీ ఏడ్చాడు. గుడ్డలంగడి మెట్లు, బావ నవ్వు, కొలిచి కొలిచి అరిగిన బొటనవేలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. తను చేసిన తప్పేమిటో ఎంత వెతికినా అతనికి దొరకలేదు. తప్పు చేసుంటే కనీసం ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడొచ్చింది హజరాబీ, చంకలో విస్తరాకుల కట్టతో. గులాబ్‌బీ పలావు పెట్టిందని తెలిసి, దొరగారి దగ్గర ఆకులు ఉంటాయో ఉండవోనని పరుగున తెచ్చింది. ఆకులు చూడగానే ఇన్‌స్పెక్టరు మరింత మండిపడ్డాడు. ఇంటిల్లిపాదీ కలిసి తనను కొనాలని చూస్తున్నారా అని అడిగాడు. హజరాబీకి ఆ మాట అర్థం కాలేదు. కొడుకు మొహం చూసి, బకెట్ల వంక చూసి, సంగతి ఇంతేనని తెలుసుకుంది.

"ఏం నాయనా, మీ పక్క ఎవురన్నా గిన్నె తీస్కపోతే ఖాళీగ తెచ్చిస్తారా? మీయమ్మ ఒప్పుకుంటాదా?"

సోమయాజులు వాళ్ళమ్మ ఒప్పుకోదు. పక్కింటివాళ్ళ గిన్నెలో ఏమీ లేకపోతే దొడ్లో మునక్కాయైనా వేసి పంపుతుంది. ఈ ఊరొచ్చాక అమ్మ మాట ఎత్తిన మనిషి ఇదే మొదలు. ఆయన మెత్తబడిన గొంతుతో, ఆ జాకీలేవో చూపించమన్నాడు.

సైదున్నీసా ఇంట్లో ఇన్‌స్పెక్టరు తల వంచుకుని దూలం కింద నిలబడ్డాడు. ఇంటిల్లిపాది నెత్తినా పడాల్సిన మిద్దెను ఆ మూడు జాకీలు మోస్తున్నాయి. బరువెత్తడానికి పనికొస్తాయో లేదో చూడ్డానికి ఇంతకు మించిన పరీక్ష తన సర్వీసులో చూడలేదన్నాడు. ఈలోగా లారీలు మళ్ళీ కమాల్ బాషా ఇంటి ముందుకు చేరాయి. గులాబ్‌బీ ఇంటి పెరట్లో కుప్పపోసిన ఇసుక మళ్ళీ బకెట్లలోకి వచ్చింది. దూదీ టింక్చరూ కొత్తవి కొని పెట్టెల్లో పెట్టారు. జెండాలను ఇన్‌స్పెక్టరే దగ్గరుండి కోయించాడు. మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టలేదు. లారీ బానెట్టు మీద కాగితాలు పరిచి మూడింటికీ సంతకాలు చేసి, "ఈ జిల్లాలో ఇంత రూలు ప్రకారం ఉన్న లారీలు ఇంకెక్కడా చూళ్ళేదయ్యా" అని కమాల్ బాషా భుజం తట్టాడు.

కమాల్ బాషా బతుకులో అంత సంతోషం ఎన్నడూ ఎరగడు. అది ఎంతసేపుందంటే, సంతకాల సిరా ఆరేంతసేపుంది.

తాలూకా కచ్చేరీ నుంచి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఎప్పట్నుంచో ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు లేచి పంచె దులుపుకుని వచ్చి, కమాల్ బాషా చేతిలో ఒక ఉత్తర్వు పెట్టాడు. ఓట్ల పెట్టెలు, పోలీసులు, మేస్టర్లు ఊళ్ళకు చేరాలి. ఎలక్షన్లు ముగిసేదాకా మూడు లారీలూ, డ్రైవర్లతో సహా, ఈ క్షణం నుంచి ప్రభుత్వానివి.

ఊరినిండా ఇన్ని లారీలుండగా తనవే ఎందుకని కమాల్ బాషా అడిగాడు. అడిగేసరికే అతని గొంతులో ఆశ లేదు.

"ఎఫ్‌సీ లేని బండిని గవర్మెంటు తీస్కోగూడదప్పా. ఎలక్షనని తెలిసిన్నుంచీ బండ్లు పోతాయని అందురూ ఎఫ్‌సీలు చేయించకుండ మురగబెట్టుకోని కూచ్చునిరి. మూడు తాలూకాల్లో తిరిగినా. రూలు ప్రకారం ఉండే బండ్లు నీవొగటే" అన్నాడు ఆర్ఐ.

సోమయాజులు మొహం పాలిపోయింది. జమ్మలమడుగులో, పులివెందులలో తన కుర్చీ ముందు ఎవరూ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. వాళ్ళెవరూ తన నిక్కచ్చితనానికి భయపడనేలేదు.

అప్పుడు కమాల్ బాషా సోమయాజులు కాళ్ళ మీద పడ్డాడు. సంతకాలు కొట్టేయమని బతిమాలాడు. ఈ లారీలు వట్టి డొక్కువని, బకెట్లలో పలావు ఉండడం దొరగారు కళ్ళారా చూశారని, జాకీలు ఇప్పటికీ లారీల్లో లేవని, కావాలంటే లంచం ఇవ్వబోయిన మాట కూడా నిజమేనని ఒప్పుకున్నాడు. పాలయ్య బ్రేకులు తానే పాడుచేస్తానని ముందుకొచ్చాడు. సోమయాజులు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు గానీ, బాగున్న లారీని బాగాలేదని రాయడం తన వల్ల కాదన్నాడు. హజరాబీ గడపలో నిలబడి, ఇంటి మీదికొచ్చి అడిగినవాళ్ళకు బతుకులో మొట్టమొదటిసారి "లేదు, ఇయ్యం పోండి" అంది. ఆర్ఐ ఆమెకు నమస్కారం పెట్టి, తాను అడగడం లేదని, తీసుకుపోతున్నానని మర్యాదగా చెప్పాడు.

లారీలు కచ్చేరీ వైపు కదిలాయి. కమాల్ బాషా నడుచుకుంటూ మిల్లుకు పోయి చెన్నకేశవ శెట్టికి ఉన్నదున్నట్టు చెప్పాడు. శెట్టి నిజంగానే నొచ్చుకున్నాడు. కాయ ఇంకా కళ్ళాల్లోనే ఉంది, ఆగడానికి లేదని, లారీల దావూద్‌కు కబురు పెట్టాడు. దావూద్ లారీలకు ఎఫ్‌సీ లేకపోవడం అటుంచి, ఒకదానికి వెనక దీపం లేదు, ఇంకొకటి ఆగాలంటే క్లీనరు దిగి చక్రం కింద రాయి పెట్టాలి. మరి దారిలో ఆపితే ఎట్లా అని కమాల్ బాషా అడిగాడు. ఆపే పోలీసులంతా ఎలక్షన్ పనిలో ఉన్నారు గదప్పా, అన్నాడు శెట్టి.

శుక్రవారం పొద్దున కమాల్ బాషా గుడ్డలంగడి మెట్లెక్కాడు. బావ గజంబద్ద తీసి అతని చేతికిచ్చాడు. ఏమన్నా అనుంటే బాగుండుననిపించింది. బయట దావూద్ లారీలు వేరుశనగ మూటలు నిండుగా ఎత్తుకుని, హారన్లు లేవు కాబట్టి క్లీనర్ల కేకలతో బజారు వెంట పోతున్నాయి. కమాల్ బాషా లారీలు పెట్రోలుకు మంజూరు రాక కచ్చేరీ ఆవరణలో నిలబడి ఉన్నాయని పాలయ్య వచ్చి చెప్పి వెళ్ళాడు.

ఎలక్షన్లు ముగిసేదాకా ప్రొద్దుటూరు రోడ్ల మీద సరుకు మోసిన లారీల్లో, రోడ్డు మీద తిరగడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.